మారెక్క చేతి మీద తేలు

గుట్టకిందపల్లి బడిలో టీచరుగా చేరిన కొత్తలో, మారెక్కను చూడకముందే నేను ఆమె గొంతు విన్నాను. బడి గోడకు అవతల రెండు ఎద్దులు కుమ్ముకుంటున్నాయి. మగవాళ్ళు దూరంగా నిలబడి చేతులు ఊపుతూ అదిలిస్తున్నారు. అంతలో ఒక ఆడమనిషి కేక వినిపించింది. పిల్లలంతా పలకలు వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తారు. నేనూ వెళ్ళి చూశాను. పొడవైన మనిషి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తిన్నగా ఆ రెండింటి మధ్యకు నడిచి, ఒకదాని ముక్కుతాడు పట్టుకుని, అలిగిన పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోయినట్టు తీసుకుపోయింది. "మా మారెక్క" అన్నారు పిల్లలు నావైపు తిరిగి. తామే ఎద్దును పట్టినంత గర్వం వాళ్ళ మొహాల్లో.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. నేను పామిడి నుంచి రోజూ బస్సులో గార్లదిన్నెకు వచ్చి, ఆటోనో ట్రాక్టరో దొరికితే ఎక్కి, లేకపోతే నడిచి ఆ ఊరు చేరేదాన్ని. మొదట్లో నాకు ఊళ్ళో మాట కలిపే మనిషే లేదు. మధ్యాహ్నం పూట నన్ను పిలిచి సంగటి, ఊరిబిండి పెట్టిందీ, ఎవరి ఇంట్లో ఎవరుంటారో చెప్పిందీ మారెక్కే. భర్త తిప్పన్న గొర్రెలు మేపేవాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన మాట్లాడాల్సినవి కూడా కలిపి మారెక్కే మాట్లాడేది. మరిదిని ఏదో తగాదాలో పోలీసులు పట్టుకుపోతే ఊళ్ళో పెద్దమనుషులు వెనకాడారు. ఈమె ఒక్కతే స్టేషనుకు వెళ్ళి, సాయంత్రానికి అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లోకి పాము వస్తే పక్కింటివాళ్ళు ఈమెనే పిలిచేవాళ్ళు.

అలాంటి మనిషికి తేలంటే భయం. భయమంటే మామూలు భయం కాదు. ఆ పేరే నోటితో అనేది కాదు. "కొండిది" అనేది, అదీ గొంతు తగ్గించి. చెప్పులు దులపకుండా వేసుకునేది కాదు. మంచం కోళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన డబ్బాల్లో ఉండేవి. కట్టెల మోపు ముట్టుకునేది కాదు. శనక్కాయ కట్టె వామి దగ్గరికి పోయేది కాదు. రాయి ఎత్తడమన్న మాటే లేదు. రాళ్ళు తప్ప ఏమీ మొలవవనిపించే ఆ నేల మీద రాయి ఎత్తకుండా బతకడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

సాయంత్రాలు పెద్దవాళ్ళకు నేను చదువు చెప్పేదాన్ని. మారెక్క బాగా చురుకు. అక్షరాలన్నీ వచ్చేశాయి, గుణింతాల్లోకి దిగాము. ఒకరోజు పుస్తకంలో పేజీ తిప్పిందో లేదో, పుస్తకం అక్కడే పడేసి లేచి వెళ్ళిపోయింది. ఆ పేజీలో ఏత్వానికి తేలు బొమ్మ ఉంది. తర్వాత ఎంత పిలిచినా చదువుకు రాలేదు. ఆ పేజీ చించేసి ఇస్తానన్నా వినలేదు. చించినా అది ఆ పుస్తకంలోనే ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పింది.

కారణం ఏమిటో చాలాకాలానికి చెప్పింది. తను పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చెల్లెలు అంజనమ్మతో కలిసి చేనిలో రాళ్ళు ఏరుతుంటే, మారెక్క ఎత్తిన రాయి కింద నుంచి ఎర్ర తేలు వచ్చి చెల్లెలి కాలి మీద కుట్టింది. ఆ పిల్లకు చెమటలు పట్టాయి, నురగ కక్కింది, ఒళ్ళు చల్లబడింది. ఎలాగో బతికింది. పెరిగి పెద్దదై, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనికి కుదిరింది. తేలు కనబడితే అంజనమ్మ చెప్పు తీసుకుని కొట్టి, మళ్ళీ మిషను ముందు కూర్చుంటుందట. తేలు కుట్టిన చెల్లెలు మర్చిపోయింది, చూసిన అక్క మర్చిపోలేకపోయింది.

ఏళ్ళు గడిచాయి. వాన లేని ఏడు తర్వాత వాన లేని ఏడు వచ్చింది. మళ్ళీ కరువు పనులు మొదలైనప్పుడు, గుట్ట మీద రాళ్ళు ఏరి వాలుకు అడ్డంగా కట్టలు వేసే పని ఊరికి వచ్చింది. వాన పడితే నీళ్ళు పారిపోకుండా ఇంకుతాయని. ఊరంతా గుట్ట ఎక్కింది. మారెక్క కూడా వెళ్ళింది, కానీ కుండతో నీళ్ళు అందించే పని అడిగి తీసుకుంది. అది ముసలివాళ్ళకు ఇచ్చే పని. కొందరు ముఖం మీదే ఎగతాళి చేశారు. ఎద్దును పట్టే మనిషికి పురుగంటే భయమా అన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఎన్నాళ్ళో ఊరుకోలేక, ఒకరోజు నీళ్ళకుండ దించి రాళ్ళగంప ఎత్తుకుంది. కొంతదూరం వెళ్ళాక గంప అంచు మీద ఏదో కదిలింది. తేలు కాదు, ఎండుటాకు. మారెక్క గంపను అక్కడే విసిరేసింది. ఆ రాళ్ళు పక్కన నడుస్తున్న భారతి పాదం మీద పడ్డాయి.

భారతి మారెక్క పక్కింటి మనిషి, ఆమెకు ప్రాణం. బొటనవేలు ఎముక విరిగింది. కట్టు కట్టించుకొచ్చి మంచం మీద కాలు చాపుకుని కూర్చుంటే, ఆ కట్టు విప్పేదాకా రెండిళ్ళ వంటా మారెక్కే వండింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, బడి అరుగు మీద కూర్చుని, మొదటిసారి ఏడ్చింది.

"నవ్వేటోళ్ళు నవ్వనీ టీచరమ్మా. అది నాకు లెక్కలేదు. కానీ నా భయం ఇంగొకరి మీద పడె గదా" అంది.

ఆశ్రిత గుర్తొచ్చింది అప్పుడే. పామిడిలో మా వీధి పిల్ల. తాతల కాలం నుంచి భూములున్న కుటుంబం. బెంగళూరులో మనస్తత్వశాస్త్రం చదువుతూ, మనుషులకు ఏదో ఒక్కదాని మీదే ఉండే విపరీతమైన భయాల గురించి పరిశోధన చేస్తోంది. పురుగులకు భయపడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని సెలవుల్లో వచ్చినప్పుడల్లా అడిగేది. వంశీ అనే ఇంజనీరు స్నేహితుడు ఆమెకు ఒక సాధనం తయారు చేసి ఇచ్చాడు. అనంతపురంలో మానసిక వైద్యం చేసే పెద్ద డాక్టరు ఒకాయన ఏది ఎంతవరకు చేయవచ్చో చెబుతూ వాళ్ళను నడిపిస్తున్నాడు. నేను కబురు పెట్టాను. ఆ తర్వాతి ఆదివారమే ఆశ్రిత, వంశీ ఇద్దరూ దిగారు.

ముందు వాళ్ళు మారెక్క ఇంటికే వెళ్ళి, ఏం చేయబోతున్నారో చెప్పారు. తిప్పన్న అంతా విని, మంత్రమా అని అడిగాడు. కాదన్నారు. అయితే మందా అన్నాడు. అదీ కాదన్నారు. ఆయనకు ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు, గొర్రెల వెంట వెళ్ళిపోయాడు. మారెక్క మాత్రం ఆశ్రితను చాలాసేపు చూసి అడిగింది.

"భయం పోతే నేను దాన్ని చేత్తో పట్టుకుంటానా పాపా? అట్లయితే నాకొద్దు. అది నిజంగా కుడ్తాది గదా."

"పట్టుకోవద్దు మారెక్కా. రాయి ఎత్తేముందు చూసేది, కట్టెతో కదిలించేది ఎప్పటికీ ఉండాల్సిందే. అది జాగ్రత్త. ఏమీ లేని గంపలో గూడా అది ఉండాదని గుండె కొట్టుకుంటుంది చూడు, మనం తీసేది దాన్ని" అంది ఆశ్రిత.

ఆ మాటకు మారెక్క ఒప్పుకుంది.

బడిలో నా బల్ల మీద వంశీ ల్యాప్‌టాప్ పెట్టాడు. వెల్డింగ్ చేసేవాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాల్లాంటి మందమైన పెట్టె ఒకటి, దాని ముందు చిన్న కెమెరా, వెనక తోకలా వైర్లు. ఇంకా నల్లటి అంచు గీసిన చదరపు అట్టముక్క. పెట్టె కళ్ళకు తగిలించుకుంటే ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది. మన చేయి, మన గాజులు, బడి బండలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. కానీ ఆ అట్ట ఎక్కడ ఉంటే అక్కడ, దాని మీద తేలు నిలబడి ఉంటుంది. లేని తేలు, ఉన్న బండల మీద. నేను పెట్టుకుని చూసి రెండడుగులు వెనక్కి వేశాను. నాకు తేలంటే అంత భయం కూడా లేదు.

ఆశ్రిత పద్ధతి నిదానమైనది. అట్టను ముందు గది చివర బెంచీ మీద పెట్టేది. తేలు కదలదు. మారెక్క చేయాల్సిందల్లా చూస్తూ కూర్చోవడం. భయం ఎక్కడిదాకా ఎక్కుతుందో ఎక్కనిచ్చి, దానంతట అదే దిగేదాకా ఆగడం. వద్దంటే ఆ క్షణమే ఆపేస్తానని మాట ఇచ్చింది. భయం ఎంత ఉందో పదికి ఇన్ని అని చెప్పమంది. మారెక్కకు అది నచ్చలేదు. భయానికి మార్కులేంటి అంది. కాసేపు ఆలోచించి తనే ఒక కొలత పెట్టుకుంది. మొదట మూటెడు. దాని కింద గంపెడు, చేటెడు, దోసెడు, పిడికెడు. ఆశ్రిత నవ్వి సరేనంది.

మొదటిరోజు మూటెడుతో మొదలై గంపెడు దగ్గర ఆగింది. చీరంతా చెమటతో తడిసింది. బయటికి వచ్చి బోరింగు కింద తల పెట్టి నీళ్ళు కొట్టించుకుంది. అయినా ముఖంలో వెలుగు ఉంది.

మరుసటి ఆదివారం పొరపాటు జరిగిపోయింది. అట్టను దగ్గరి బెంచీ మీదికి జరిపారు. వంశీ ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కాడు. కదలకూడని తేలు కొండి పైకెత్తి ముందుకు నడిచింది. మారెక్క అరవలేదు. లేచి పరుగెత్తింది. కళ్ళకు పెట్టె అలాగే ఉంది, వైరు లాగేసరికి ల్యాప్‌టాప్ బల్ల అంచుదాకా వచ్చింది, వంశీ రొమ్ము అడ్డం పెట్టి ఆపాడు. ఆమె పెట్టె ఊడబెరికి వాకిట్లో వదిలి వెళ్ళిపోయింది. ఆ కుర్రాడు వెనకాలే ఇంటిదాకా వెళ్ళి, తప్పు నాదేనని తలుపు ముందు నిలబడి చెప్పి వచ్చాడు. తలుపు తెరుచుకోలేదు.

తెల్లారి ఆమె రాయదుర్గం బస్సెక్కింది. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆమే నాకు చెప్పింది. చెల్లెలు పని నుంచి వచ్చేదాకా గడపలో కూర్చుందట. అంజనమ్మ వచ్చి, చేతులకు అంటిన నీలం రంగు కడుక్కుని, అన్నం పెట్టి, ఏమైందని అడిగింది. మారెక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తని మాట ఎత్తింది. ఆ రాయి ఎత్తింది నేనే గదా, నిన్ను చంపబోయింది నేనే గదా అంది. ఏ రాయో అంజనమ్మకు అర్థమే కాలేదట.

"రాయి నాకేం గుర్తులేదు అక్కా. అది కుట్టిందీ గుర్తులేదు. నన్ను భుజాన ఏసుకోని నువ్వు ఊరిదాకా పరిగెత్తింది గుర్తుండాది. నీ జడ నా మూతికి తగుల్తా ఉన్నింది. మా అక్క ఉండాది, నాకేం కాదు అనుకుంటాంటి" అందట.

ఇది చెబుతున్నప్పుడు మారెక్క గొంతు మామూలుగానే ఉంది. 

రాయదుర్గం నుంచి వచ్చిన మనిషి తనే నా దగ్గరికి వచ్చి, ఆ పిల్లోళ్ళను మళ్ళీ పిలువు అంది. వాళ్ళు వచ్చాక వంశీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏమప్పా, ఈసారి దాన్ని కదిలించేముందు నాతో చెప్పి కదిలించు" అంది. అతను తలూపాడు. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పకుండా వేలు కూడా కదపలేదు.

భారతి కూడా కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. వారం వారం తేలు దగ్గరవుతూ వచ్చింది. బెంచీ మీద, బల్ల అంచున, మారెక్క కాళ్ళ ముందు. ఒకటి నడిచేది, తర్వాత రెండు. ఒకరోజు మారెక్క కొంగు జారి అట్ట మీద సగం పడింది. తేలు మాయమైంది. కొంగు తీయబోతే ఒక క్షణం కనిపించి, కాళ్ళు పైకి, వీపు కిందికి, గాలిలో తలకిందులుగా వేలాడింది. వంశీ కంగారుగా ఏదో సర్దబోయాడు. మారెక్క మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. ఎద్దును అదిలించిన ఆ గొంతుతో నవ్వితే బడి కప్పు అదిరింది. పాపం, ఏది పైనో ఏది కిందో దానికే తెలీకుండా ఉండాది అంది. ఆ రోజు కొలత చేటెడుకు దిగింది.

చివరికి అట్టను తన అరచేతిలో పెట్టుకోవాల్సిన రోజు వచ్చింది. ఆశ్రిత పెట్టబోతే వద్దంది. తనే తీసుకుని, ఎడమ అరచేయి చాచి, కుడిచేత్తో అట్టను దాని మీద ఉంచుకుంది. పెట్టెలో ఆమెకు కనిపిస్తున్నదే మాకు ల్యాప్‌టాప్ మీద కనిపిస్తోంది. కాయకష్టంతో గరుకెక్కిన అరచేయి, ఆకుపచ్చ గాజులు, మధ్యలో ఎర్ర తేలు. చేయి వణుకుతుంటే తేలు కూడా వణికింది. చెంపల మీదుగా పెట్టె కింద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి, కానీ చేయి దించలేదు.  మెల్లగా వణుకు తగ్గింది, చేయి నిలిచింది. అంతలో వంశీ చెప్పి తేలును కొద్దిగా కదిలించాడు. భారతి తెరను చూసి అమ్మా అని అరిచింది.

"అరవద్దు భారతీ. అది పడుకోని ఉండాది" అంది మారెక్క.

తర్వాత సీసాలో పెట్టిన చచ్చిన తేలును చూడడం, సీసాను చేత్తో పట్టుకోవడం అయ్యాయి. వాటికి పెద్దగా ఇబ్బంది పడలేదు. ఇంక మిగిలింది గుట్ట.

గుట్ట మీదికి ఆశ్రిత రాలేదు. అక్కడ తను ఉంటే తన ధైర్యం అవుతుంది గానీ మారెక్క ధైర్యం కాదని ఆగిపోయింది. నేను మాత్రం సెలవు రోజు కావడంతో వెళ్ళాను. మారెక్క చేతిలో మూరెడు కట్టె. రాయిని ముందు కట్టెతో తిప్పేది, కింద చూసేది, అప్పుడు ఎత్తేది. మొదట్లో చాలా నిదానంగా, ఎండ ఎక్కేకొద్దీ మామూలు వేగంతో. మధ్యాహ్నానికి ముందు ఒక బల్లపరుపు రాయి తిప్పిందో లేదో, కింద నిజమైన ఎర్ర తేలు, కొండి లేపి ఉంది. మారెక్క కట్టె పట్టుకుని అలాగే నిలబడింది. 

"ఈడ తేలుండాది. పక్కకు రాండి" అంది అందరికీ వినబడేట్టు.

ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. సుంకప్ప అనే ముసలాయన వచ్చి చెప్పుతో కొట్టాడు. మారెక్క ఒక చెట్టు నీడకు వెళ్ళి కూర్చుంది. భారతి నీళ్ళు ఇచ్చి, భయం ఎంత అని అడిగింది. దోసెడు అంది. నీళ్ళు తాగి, నోరు తుడుచుకుని, మళ్ళీ గంప ఎత్తుకుంది.

ఆ ఏడాదే ఆ కూలీల జట్టు పని చూసుకోవడానికి ఆమెను మేట్‌గా పెట్టుకున్నారు. రాయిని ముందు కట్టెతో తిప్పకుండా ఎవరు ఎత్తినా ఊరుకునేది కాదు. ఎగతాళి చేసినవాళ్ళు కూడా కట్టెలు పట్టుకున్నారు. మంచం కోళ్ళ కింద డబ్బాలు మాత్రం తీయలేదు. అవి చీమలకు కూడా పనికొస్తాయి అని నాతో వాదించింది. భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. పిడికెడు ఉంటాదిలే, అదుంటేనే మంచిది అనేది.

ఆశ్రిత పరిశోధన పూర్తయింది. ఏడాది తిరిగాక, మారెక్క ఎలా ఉందో చూసిపోదామని వచ్చింది. బెంగళూరులో వాళ్ళ ప్రొఫెసర్లు మూటెడు అంటే ఎంత, చేటెడు అంటే ఎంత అని గంటసేపు అడిగారని చెబితే మారెక్క తెగ నవ్వింది. తిప్పన్న తన గొర్రెల బొచ్చుతో నేయించిన కంబళి తెచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆశ్రిత ఒడిలో పెట్టాడు. వెళ్ళిపోతాడనుకున్నాం. వెళ్ళలేదు. గడప పట్టుకుని నిలబడి, కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"సూదికి గూడా అట్లాంటి బొమ్మ ఉండాదా పాపా?"

మారెక్క ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో, ఎంత జ్వరం వచ్చినా ఆయన ఆసుపత్రికి ఎందుకు పోడో ఆమెకు ఆ రోజే తెలిసింది. మొండితనం అనుకుని ఎన్ని తిట్లు తిట్టిందో. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. సూదిబొమ్మ లేదని, వంశీని అడిగి చూస్తానని ఆశ్రిత చెప్పింది.

వంశీకి అప్పటికే వేరే ఉద్యోగం వచ్చింది. ఆ బొమ్మ తయారు కాలేదు. మరుసటి చలికాలంలో తిప్పన్నను పిచ్చికుక్క కరిచింది. ఆ సూదులు తప్పించుకోవడానికి వీల్లేనివి. మారెక్క ఆయన్ను గార్లదిన్నె ఆసుపత్రికి తీసుకుపోయింది. మొదటి సూది రోజు, పొద్దున ముందు వాకిట్లో కూర్చుని దూరం నుంచి సూదిని చూడమందట. కాసేపటికి లోపలికి వచ్చి బల్ల పక్కన కూర్చోమందట. తొందరపెట్టవద్దని నర్సుకు కూడా చెప్పిందట. పొద్దు వాలబోతుండగా ఆయన తనే చొక్కా చేయి పైకి మడిచాడు. సూది దిగుతున్నంతసేపూ, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ మేత తింటే గొర్రెకు కడుపు ఉబ్బుతుందో ఆ నర్సుకు వివరంగా చెబుతూ పోయాడట. ఆయన అంతసేపు మాట్లాడగా తను వినడం అదే మొదలని మారెక్క నాతో అంది.